పోటు నీళ్ళలో ఆల్చి పువ్వు

సిస్టరుగారి జ్ఞాపకార్థ కూటంలో మాట్లాడిన వాళ్ళందరూ బాగానే మాట్లాడారు. ఏయే వార్డుల్లో పనిచేశారో చెప్పారు. ఎంతమంది బిడ్డలకు బొడ్డు కోశారో చెప్పారు. ఆవిడ భక్తిని గురించీ, క్రమశిక్షణను గురించీ చెప్పారు. అంతా నిజమే. కానీ ఒక్కరి నోటా కెమెరా మాట రాలేదు. మడ అడవి మాట రాలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని, సముద్రం పోటు నీళ్ళలో నిలబడి, ఊపిరి బిగబట్టి ఒక పువ్వు ముందు వంగిన సంగతి కళ్ళారా చూసినదాన్ని ఆ కూటంలో నేనొక్కదాన్నే. నేను రాయకపోతే అది నాతోనే పోతుంది. అందుకని రాస్తున్నాను.

నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగతాదంతా బందరు గ్రంథాలయంలో చదువుకున్నాను. తెలుగు పుస్తకాల బీరువాలు అయిపోగానే నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బీరువా దగ్గరకు వెళ్ళాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. అక్కడ చదివిన జీవితచరిత్రల్లో ఒక సంగతి గమనించాను. మొదటి పేజీల నిండా పుట్టిన ఊరు, తాతతండ్రులు, చదువు, ఉద్యోగం ఉంటాయి. అసలు మనిషి మాత్రం ఎక్కడో మధ్య పేజీల్లో గాని కనపడడు. నేను ఆ మధ్య పేజీల నుంచే మొదలుపెడతాను. ఆవిడ పేరు కూడా రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆవిడ పలికేవారు కాదు. "వార్డులో పేర్లుండేది రోగులకి" అనేవారు.

ఆవిడ పొట్టి మనిషి. తెల్లచీర, జారని ముడి, రవికకు తలకిందులుగా తగిలించుకున్న గడియారం. నడక మాత్రం పొడుగువాళ్ళది. వరండాలో చెప్పుల చప్పుడు వినిపించేసరికి మంచం మీద పేకాట ముక్కలు దుప్పటి కిందకు వెళ్ళిపోయేవి. సూది వేసేటప్పుడు ఆవిడకో పద్ధతి ఉంది. మందు ఇంకా సీసాలో ఉండగానే "అయిపోయింది, అయిపోయింది" అనడం మొదలుపెట్టేవారు. సూది దిగేటప్పటికి రోగికి అది పాత సంగతి అయిపోయేది. ఒకసారి కంకిపాడు నుంచి వచ్చిన రైతు ఒకాయన, "అయిపోయిందన్నారు గదండీ, మరి ఇప్పుడు గుచ్చుతున్నదేమిటి?" అన్నాడు. "అది మీ అనుమానం" అన్నారు ఆవిడ, దూది ఒత్తుతూ.

పువ్వు కనిపిస్తే మాత్రం ఆ నడక ఆగిపోయేది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగి చూసేవారు. తాకేవారు కాదు, కోసేవారు కాదు, తల్లో పెట్టుకునేవారు కాదు. ఆస్పత్రి గోడ వెంట పెరిగిన పిచ్చిమొక్క అయినా సరే, జ్వరమున్న బిడ్డను చూసినట్టు చూసేవారు. తోటమాలి ఆ మొక్కను పీకబోతే, "దానికింకా డిశ్చార్జి ఇవ్వలేదు" అని ఆపేసేవారు.

ఆస్పత్రిలో అంతకు ముందున్న దొరసాని డాక్టరు స్వదేశం వెళ్తూ తన పెట్టె కెమెరా ఆవిడకు ఇచ్చి వెళ్ళింది. నల్లటి అట్టపెట్టె లాంటిది. పైన చిన్న అద్దంలో చూసి మీట నొక్కాలి. రీలుకు ఎనిమిది బొమ్మలు. మనుషుల్ని తీస్తే బొమ్మ బాగానే వచ్చేది. పువ్వు దగ్గరకు తీసుకెళ్తే మాత్రం అంతా పొగమంచు ముద్దగా వచ్చేది. ఆవిడకు పువ్వులే కావాలి.

అప్పుడు నేను ఆస్పత్రి బట్టల గదిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టే పనిలో ఉండేదాన్ని. ఆవిడ ఒకరోజు ఆ మసక బొమ్మలు నా మిషను మీద పరిచి, "నువ్వు అన్నీ చదువుతావుగా. దీనికేమైనా చదివావా?" అన్నారు. నేను చదవలేదు. ఆ సాయంత్రమే వెళ్ళి చదివాను. అద్దాలను గురించిన పుస్తకంలో దొరికింది. భూతద్దాన్ని కెమెరా కంటికి అడ్డం పెట్టాలి. అదే భూతద్దం ఎండను ఎంత దూరంలో చుక్కగా చేసి కాగితాన్ని కాలుస్తుందో, పువ్వు సరిగ్గా అంత దూరంలో ఉండాలి. మర్నాడు ఆవిడ తన పాత చదువు కళ్ళజోడు విరిచి ఒక అద్దం తీశారు. ఆస్పత్రి పెరట్లో ఇద్దరం మధ్యాహ్నపు ఎండలో కూర్చుని కాగితం కాల్చాం. మూరకు కొంచెం తక్కువ వచ్చింది. ఆవిడ బ్యాండేజీ గుడ్డ తీసి, ఆ దూరం కొలిచి, ముడి వేశారు.

అదీ ఆవిడ పనితనం. ఆ అద్దాన్ని గాయాలకు వేసే అంటుపట్టీతో కెమెరాకు అతికించారు. బ్యాండేజీ ఒక కొస కెమెరాకు, ముడి పువ్వుకు. ముడి తగలగానే బ్యాండేజీ వదిలేసి, ఊపిరి బిగబట్టి మీట నొక్కేవారు. పువ్వు నీడలో ఉంటే చిక్కుడు గింజలా వంపు తిరిగిన ఎనామెల్ ట్రే ఒకటి నా చేతికిచ్చి, ఎండను దాని మీద పట్టి పువ్వు మీదకు మళ్ళించమనేవారు. గాలికి పువ్వు ఊగితే పువ్వుతోనే చెప్పేవారు: "కదలకు. అయిపోయింది, అయిపోయింది."

ఆవిడ చెయ్యి కుదిరిన రోజుల్లోనే దివిసీమ నుంచి నాంచారి వచ్చింది. సముద్రం మీద వేటకు వెళ్ళే వీరాస్వామి కూతురు. తొమ్మిది పదేళ్ళుంటాయి. వెన్నుపూసకు క్షయ. ఛాతీ నుంచి నడుం దాకా సిమెంటు కట్టు వేసి, నెలల తరబడి వెల్లకిలా పడుకోబెట్టాలి. మందు పనిచేయాలన్నా, వెన్ను నిటారుగా అతకాలన్నా అదొక్కటే దారి. మధ్యలో కట్టు తీసేస్తే బతికినంత కాలం వంగిపోయి ఉంటుంది. డాక్టరమ్మ ఈ మాట వీరాస్వామికి చెప్పింది. అతను తలూపాడు. చలికాలమంతా గడిచింది.

ఎండలు మొదలవగానే పిల్ల తిండి మానేసింది. గంజి పోస్తే మూతి బిగించేది. పైకప్పు వైపు చూస్తూ పడుకునేది. సిస్టరుగారు బతిమాలలేదు, కసరలేదు. పక్కన స్టూలు వేసుకుని, "ఇప్పుడు మీ ఊళ్ళో అయితే ఏం చేస్తుండేదానివి?" అని అడిగారు. పిల్ల పైకప్పు వైపే చూస్తూ చెప్పింది.

"అడవికెళ్ళేదాన్ని. మా మామ్మతో."

"అడవిలో ఏముంటాయి?"

"పూలు. ఆల్చి పూలు."

ఆల్చి అంటే మడ అడవిలో కాలువల గట్లమ్మట పెరిగే ముళ్ళాకుల పొద. వసంతంలో నీలి ఊదా రంగు పూలు పూస్తుందని అప్పటికి నాకూ తెలియదు. పిల్ల నాయనమ్మ లంకమ్మ ఆ మాట విని, తర్వాతి వారం ఊరి గట్టు మీద పూసిన నాలుగు పూలూ కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. పడవలో, బస్సులో, ఎండలో ఆ మూట వార్డుకు చేరేసరికి రేకలన్నీ నల్లగా వడిలి గుడ్డకు అంటుకుపోయాయి. పిల్ల ఆ గుడ్డ చూసి ఏడ్చింది. మర్నాడు వీరాస్వామి వచ్చాడు.

"అమ్మగారూ, పిల్ల ఇక్కడ ఉండనంటోంది. ఎండిపోతోంది. ఈస్టరు పండగ వెళ్ళాక వచ్చే ఆదివారం పడవ తెస్తానండి. తీసుకెళ్ళిపోతాను."

"నడుం వంగిపోతుంది వీరాస్వామీ."

"వంగినా బతికుంటది గదండీ. ఇక్కడుంటే ఆకలికే పోయేట్టుంది."

అతను వెళ్ళాక సిస్టరుగారు పిల్ల దుప్పటి సర్దారు. తర్వాత నా గదికి వచ్చి, "మంచాల కింద వేసే రబ్బరు గుడ్డతో ఒక సంచి కుట్టు. నీళ్ళు లోపలికి పోకూడదు. కెమెరా పట్టాలి" అన్నారు.

ఆవిడకు సెలవు దొరికేది ఈస్టరు మర్నాటి సోమవారం ఒక్కటే. ఏటా ఆ సోమవారం ఆస్పత్రి వాళ్ళందరం మంగినపూడి సముద్రపొడ్డుకు వనభోజనానికి వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు ఆవిడ రానన్నారు. నేనూ రానన్నాను. ఆదివారం ఆరాధన కాగానే ఇద్దరం బస్సెక్కి, నాగాయలంకలో మా పిన్ని ఇంట్లో రాత్రికి ఉండి, తెల్లవారేసరికి లంకమ్మ తెచ్చిన పడవలో ఉన్నాం.

ఆ మడ అడవి ప్రభుత్వం కాపాడే రిజర్వు. లంకమ్మ ముందే చెప్పి ఉంచడంతో ఫారెస్టు గార్డు వెంకటరత్నం మా కోసం గట్టు మీద నిలబడి ఉన్నాడు. కెమెరా చూసి ఇబ్బందిలో పడ్డాడు.

"రిజర్వులో పుల్ల విరవకూడదండి. పువ్వు కోయకూడదు. తేనె పట్టు ముట్టుకోకూడదు. బొమ్మ సంగతే మాకెవరూ చెప్పలేదండి."

"చెప్పకపోతే ఏం చేస్తారు?" అన్నారు సిస్టరుగారు.

ఆయన టోపీ సర్దుకున్నాడు. "పక్కన నిలబడి చూస్తానండి."

"నిలబడండి. నీడ మాత్రం పడనివ్వకండి."

లంకమ్మ మాత్రం ఆకాశం చూసి, నీళ్ళు చూసి గొణిగింది. "పున్నం వెళ్ళి రెండ్రోజులు గాలేదు తల్లీ. ఇయ్యాళ పోటు పెద్దది. పొద్దెక్కకముందే వచ్చెయ్యాల."

"పొద్దెక్కితే గాని నా డబ్బాకు కళ్ళు తెరుచుకోవు లంకమ్మా. ఎండ కావాలి."

"మీకు ఎండ కావాల. నీళ్ళకి మనం కావాల" అంది లంకమ్మ. అయినా ముందు నడిచింది.

ఆ ఉదయాన్ని నేను ఎప్పటికీ మర్చిపోను. ఇసుక మేట మీద బాలబందు తీగ పాకి, ఊదా గిన్నెల్లాంటి పూలు విప్పి ఉంది. ఉప్పునేల మీద వంగరెడ్డి కూర ఎర్రటి కాడలతో పరుచుకుని, వేలి గోరంత గులాబీ చుక్కలు పూసింది. ఆ కూర వండుకు తింటారని తెలుసు గాని దానికి పువ్వుంటుందని నేనెన్నడూ చూడలేదు. లోపలికి వెళ్ళేకొద్దీ బురద, బురదలోంచి మేకుల్లా పైకి లేచిన మడ వేళ్ళు. కొమ్మల చివర పచ్చని పూత, దాని మీద తేనెటీగల రొద. తిల్ల చెట్టు తోకలు తోకలుగా పూసింది. సిస్టరుగారు చేతులు వెనక్కి కట్టుకుని దాని దగ్గరకు వంగబోతే, లంకమ్మ భుజం పట్టి వెనక్కి లాగింది.

"దాని పాలు కంట్లో పడితే చూపు పోతది."

"అయితే ఇది ఆపరేషన్ కేసు" అని సిస్టరుగారు ముడి కొలిచి, కళ్ళు మూసుకున్నంత పని చేసి మీట నొక్కారు. ప్రతి బొమ్మకూ గార్డు దగ్గరకొచ్చి పువ్వు ఇంకా కొమ్మకే ఉందా అని చూసి తృప్తిగా వెనక్కి వెళ్ళేవాడు.

ఏడు బొమ్మలు అయిపోయాయి. ఆల్చి పొదలు కాలువ లోపలి మలుపులో ఉన్నాయి. మేం అక్కడికి చేరేసరికి అవి ఇంకా నీడలోనే ఉన్నాయి. చెట్ల మీదుగా ఎండ దిగి రావాలి. నిలబడ్డాం. కాలువలో నీళ్ళు అప్పటిదాకా సముద్రం వైపు పోతున్నవి, నిలిచాయి. తర్వాత మెల్లగా మా వైపు తిరిగాయి. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు.

"వెళ్దాం తల్లీ" అంది లంకమ్మ.

"మీ మనవరాలు అడిగింది ఈ ఒక్కటే."

లంకమ్మ చీర ఇంకాస్త పైకి దోపుకుంది. ఎండ పొద మీదకు దిగింది. గుబురు మధ్య ముళ్ళాకుల పైన ఆ నీలం వెలిగింది. సిస్టరుగారు బ్యాండేజీ చాచారు. కానీ నీళ్ళు అప్పటికే పొద మొదట్లోకి వచ్చి, పూలగుత్తిని అటూ ఇటూ ఊపుతున్నాయి. ముడి తగిలేది, తప్పిపోయేది. కెమెరాలో ఒక్క బొమ్మకే చోటుంది. నేను ట్రే ఎత్తి పట్టుకుని ఉన్నాను.

లంకమ్మ నీళ్ళలో రెండడుగులు వేసి, ముళ్ళాకుల మధ్యకు చెయ్యి దూర్చి పూలకాడ మొదలు పట్టుకుంది.

"చెయ్యి బొమ్మలో పడుతుందండీ" అన్నాను.

"పడనీ" అన్నారు సిస్టరుగారు. "లంకమ్మా, కదలకు. అయిపోయింది, అయిపోయింది."

అప్పుడు మాత్రం నిజంగానే అయిపోయింది. మీట టక్కుమంది. లంకమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంటే మణికట్టు మీద మూడు నాలుగు చోట్ల రక్తం చుక్కలు. సిస్టరుగారు ఆ బ్యాండేజీతోనే కట్టబోతే ఆ ముసలామె ఒప్పుకోలేదు. "అది కొలబద్ద. కట్టుకేం గుడ్డ లేదా" అని తన కొంగు చింపింది.

తిరుగు దారిలో నీళ్ళు నడుం దాకా వచ్చాయి. కెమెరా రబ్బరు సంచిలో సిస్టరుగారి నెత్తి మీద ఉంది. గార్డు ముందు వెళ్ళి పడవ విప్పుతున్నాడు. అప్పుడు నాకు ఉన్నట్టుండి ఒక పుస్తకం గుర్తొచ్చింది. ఈస్టరు తేదీ ఎలా నిర్ణయిస్తారో గ్రంథాలయంలో చదివాను. వసంతంలో వచ్చే పున్నమి తర్వాతి ఆదివారం ఈస్టరు. ఆ మాట నడుం లోతు నీళ్ళలోనే చెప్పాను.

"అంటే సిస్టరుగారూ, కొన్నేళ్ళు పున్నమికీ ఆదివారానికీ వారం ఎడం వస్తుంది. ఆ ఏళ్ళల్లో మంగినపూడిలో మన చాపలు పొడిగా ఉన్నాయి. దగ్గర దగ్గరగా వచ్చిన ఏళ్ళల్లో పెద్దపోటు వచ్చి చాపలూ పులిహోరా తడిసిపోయాయి."

ఆవిడ నీళ్ళలో ఆగిపోయారు. "తడిసిన ఏడల్లా చోటు చూడ్డం రాదని మన ఆస్పత్రి వంటాయన్ని తిట్టాం."

"తడవని ఏడు మెచ్చుకున్నాం కూడానండీ."

నెత్తి మీది సంచిని రెండు చేతులా పట్టుకుని ఆవిడ నవ్వారు. ఆవిడ అంత నవ్వు నవ్వడం నేను వార్డులో చూడలేదు. "ఇది మాకు ముందే తెలుసు గదమ్మా, మీరు పుస్తకంలో చూసుకోవాలా" అని లంకమ్మ పడవలోంచి చెయ్యి అందించింది.

రీలు కడగడానికి గుడివాడలో స్టూడియో పెట్టుకున్న సుందరరావు బావ దగ్గరకు రైల్లో వెళ్ళాను. ఆయన నాకు చుట్టం కాదు, పక్కింటివాళ్ళుగా ఉన్నప్పటి బావ. చీకటిగదిలోంచి బయటకొచ్చి, "పెళ్ళికూతురు లేని రీలు కడగడం ఇదే మొదటిసారి" అన్నాడు. "అయినా ఈ పెళ్ళికూతుళ్ళెవరూ కళ్ళు మూయలేదు. మంచి ఫోటోలు."

ఎనిమిదీ వచ్చాయి. పూల మీద నీటి బొట్టు కూడా కనపడుతోంది. సిస్టరుగారు వాటిని ఏప్రన్ జేబులో పెట్టుకుని, డ్యూటీ దిగగానే నాంచారి మంచం దగ్గరకు వెళ్ళారు. నేను వెనకే ఉన్నాను. ఒక్కొక్కటీ పిల్ల ముఖం పైన పట్టుకుని చూపించారు. పిల్ల చూసింది. చివరికి ఆల్చి బొమ్మ చూపించారు.

"ఇది మా మామ్మ చెయ్యి" అంది. మణికట్టు మీది పచ్చబొట్టు చుక్కల్ని గుర్తుపట్టింది. కాసేపు చూసి, "చెయ్యి సరిగ్గానే ఉంది. పువ్వే చచ్చిపోయింది" అని కళ్ళు మూసుకుంది.

నిజమే. నీళ్ళలో నిలబడి తెచ్చిన పువ్వు బూడిద రంగులో ఉంది. మేమెవరం ఆ సంగతి ఆలోచించనే లేదు. నలుపు తెలుపులు మా కళ్ళకు అలవాటైపోయాయి. ఆ పిల్ల అంతకు ముందు ఫోటో చూసి ఎరగదు. పువ్వని చెప్పి బూడిద చూపిస్తే బూడిదే కనపడింది.

సిస్టరుగారు లేచి గబగబా వెళ్ళిపోయారు. నొచ్చుకున్నారేమో అనుకున్నాను. చక్రాల చప్పుడుకు తల తిప్పితే గాయాలు కట్టే బండి తోసుకుంటూ వస్తున్నారు. దాని మీద సీసాలు. నోటిపూతకు రాసే ఊదా మందు, దెబ్బలకు రాసే ఎర్రమందు, కాలిన చోట రాసే పచ్చమందు. ఒక కప్పులో నీళ్ళు, పుల్లలకు చుట్టిన దూది.

"సరే, బతికిద్దాం. ఆల్చి ఏ రంగు చెప్పు" అన్నారు.

"నీలం."

ఆవిడ ఊదా మందులో పుల్ల ముంచి పువ్వు మీద అద్దారు.

"అంత ముదురు కాదు. నీళ్ళు పొయ్యి."

"చిత్తం డాక్టరుగారూ." నీళ్ళు కలిపారు.

"లోపల తెల్లగా ఉంటది. అక్కడ పెట్టొద్దు. అయ్యో, పెట్టేశావు. ఇట్టియ్యి నాకు."

సిస్టరుగారు పుల్ల ఇచ్చేశారు. బొమ్మను రొట్టెలు కోసే పలక మీద బిగించి పిల్ల ముఖానికి పైన పట్టుకున్నారు. పిల్ల రెండు చేతులూ పైకెత్తి రంగు వేసింది. ఊదా చుక్కలు గడ్డం మీద, కట్టు మీద పడ్డాయి. ఆవిడ రెండో చేత్తో గంజి చెంచా పిల్ల నోటికి అందించారు. పిల్ల పువ్వు మీద నుంచి కళ్ళు తిప్పకుండా మింగింది. మళ్ళీ చెంచా. మళ్ళీ మింగింది. గిన్నె ఖాళీ అయినా పిల్లకు తెలియలేదు. సిస్టరుగారు నా వైపు చూడలేదు గాని, ఖాళీ గిన్నెను నాకు కనపడేట్టు వంచి పెట్టారు.

ఆదివారం వీరాస్వామి అన్న మాట ప్రకారం పడవ తెచ్చి, తలపాగా చేతిలో పట్టుకుని వార్డులోకి వచ్చాడు. అతను నోరు తెరవకముందే కూతురు అడిగింది.

"నాన్నా, తిల్ల పూత ఏ రంగు? పచ్చా, తెలుపా?"

"పచ్చలో పసుపు కలిసినట్టుంటది."

"కాదు, పసుపులో పచ్చ."

"నేను పుట్టినకాడి నుంచి చూస్తన్నానే. పచ్చలో పసుపు."

"నువ్వు పడవ మీంచి చూస్తావు. నేను కిందనించి చూశాను."

వీరాస్వామి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తండ్రీ కూతుళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. అతను కూడా ఒక పుల్ల తీసుకుని, మరో బొమ్మలో బాలబందు పువ్వుకు ఎర్రమందూ ఊదా మందూ కలిపి చూశాడు. కూతురు అది బాగాలేదంది. అతను ఒప్పుకోలేదు. ఆ వార్డులో మిగతా రోగులు కూడా తలో మాటా అన్నారు. చివరికి అతను లేచి గోడకు ఆనుకున్నాడు.

"ఇంకెన్నున్నయ్యే నీకు?"

"ఐదు."

"వారానికి ఒకటే ఇస్తాను" అన్నారు సిస్టరుగారు. ఆవిడ గొంతులో బతిమాలడం లేదు. మందు ఎన్ని పూటలో చెప్పినట్టు చెప్పారు.

"ఐదూ అయిపోయాకండీ?"

"మళ్ళీ వెళ్తాను. మడ పొన్న ఇంకా పూయలేదని మీ అమ్మే చెప్పింది."

వీరాస్వామి కూతురి వంక చూశాడు. దాని గడ్డం ఊదాగా ఉంది. మూతి పక్కన గంజి ఎండి ఉంది. తలపాగా తలకు చుట్టుకున్నాడు.

"నేను రానా మరి?" అన్నాడు పిల్లతో.

"ఎల్లు. పచ్చలో పసుపో, పసుపులో పచ్చో మామ్మనడిగి రా."

"అయితే పడవ ఖాళీగానే పట్టుకెళ్తానండి" అని సిస్టరుగారికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ అతను మెట్లు దిగేదాకా కదలకుండా నిలబడి, తర్వాత రవిక మీది గడియారం ఎత్తి చూసుకుని, "మందుల వేళ దాటింది" అని వెళ్ళారు.

డాక్టరమ్మ చెప్పినన్ని నెలలూ నాంచారి ఆ మంచం మీద ఉంది. తానిచ్చిన మాట ప్రకారం సిస్టరుగారు మళ్ళీ వెళ్ళారు. ఆ తర్వాత ప్రతి వసంతంలోనూ వెళ్ళారు, పోటు ఎప్పుడో ముందు లంకమ్మకు కబురు పంపి అడిగి. కొత్త బొమ్మలకు కొత్త పిల్లలు రంగు వేశారు. కదలకుండా పడుకోవలసిన పిల్లల వార్డులో ఒక గోడంతా మడ అడవి అయింది. ఊదా మందు ఎందుకింత ఖర్చవుతోందని అడగడానికి వచ్చిన డాక్టరమ్మ ఆ గోడ ముందు నిలబడి, తనూ ఒక పుల్ల తీసుకుంది. పెద్దపెద్ద ఊళ్ళ ఆస్పత్రుల గురించి నేను పుస్తకాల్లో చదివాను. అలాంటి గోడ మరెక్కడైనా ఉందని ఏ పుస్తకంలోనూ కనపడలేదు. అది మా బందరులోనే ఉంది. మా సిస్టరుగారి మూలంగానే ఉంది.

ఈ రాతకు సాయపడిన వాళ్ళకు నా నమస్కారాలు. ఆ నాటి దారులూ మొక్కల పేర్లూ ఓపికగా మళ్ళీ చెప్పిన లంకమ్మగారికి. నేను గుర్తుపెట్టుకున్న దాంట్లో తప్పులు దిద్దిన ఫారెస్టు గార్డు వెంకటరత్నంగారికి. పాత రీలు ఇప్పటికీ భద్రంగా దాచి ఉంచిన గుడివాడ సుందరరావు బావకి. మూసే వేళ దాటినా నా కోసం దీపం ఆర్పని గ్రంథాలయం అటెండరు బసవయ్యగారికి. నాగాయలంకలో తడిబట్టలు మార్చుకోను చీరలిచ్చిన మా రూతు పిన్నికి.

చివరగా నాంచారమ్మకి. ఇప్పుడు ఆమెకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఇది రాసేముందు ఆ ఆల్చి బొమ్మ ఒక వారం అరువిమ్మని కబురు పంపాను. ఇవ్వనంది. చూడాలంటే రమ్మంది. బస్సెక్కి, పడవెక్కి వెళ్ళాను. నేను రేవులో దిగేసరికి ఆమె నెత్తి మీద చేపల గంప పెట్టుకుని గట్టు మీద నిటారుగా ఎదురొస్తోంది. గంప నిండా ఉంది. చేత్తో పట్టుకోలేదు.